అసలు ఇంజను ఏదీ?

తుక్కుకు వచ్చిన బస్సు ముందుగా అద్దాలు పోగొట్టుకుంటుంది. తర్వాత సీట్లు, టాపు రేకులు, కిటికీ కడ్డీలు పోతాయి. గ్యాస్ కట్టర్ మంట ఛాసిస్ మీదికి రాకముందే ఇద్దరు కుర్రాళ్ళు చైన్ బ్లాకు బిగించి ఇంజనును పైకి లాగుతారు. నల్లని ఆయిలు కారుతూ అది కాసేపు గాల్లో ఊగుతుంది. కింద నిలబడ్డ మేస్త్రీ దాని పక్కన చెయ్యి పెట్టి మసి తుడిచి, నంబరు పలక ఎక్కడుందో చూస్తాడు. లేత్ షాపు పిల్లాడు పలక మీది అంకెలు చదువుతాడు. కొనేవాడు దొరికితే ఆ ఇంజను ఏ రైతు బోరుకో, ఏ చేపల చెరువు గట్టుకో వెళ్తుంది. దొరక్కపోతే కిలోల లెక్కన కాటా ఎక్కుతుంది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇది కొత్త దృశ్యం కాదు. ఊళ్ళో రోడ్ల వెంట చెల్లాచెదురుగా ఉన్న రిపేరు షెడ్లను ఒకచోట చేర్చాలని 1966లో మొదలైన ఈ పేట, ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అయితే కొన్నేళ్ళుగా ఇక్కడ టీ కొట్ల దగ్గర మాట ఎటు తిరిగినా చివరికి తుక్కు దగ్గరే ఆగుతోంది. 15 ఏళ్ళు నిండిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. ఆ జాబితాలో ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. అంతకు ముందే, 2021 జులైలో, కేంద్రం ఇంకో నిబంధన తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన సొంత వాహనాలను ‘వింటేజ్’ బండ్లుగా గుర్తించి, ప్రత్యేకమైన నంబరు ఇచ్చి కాపాడతామంది. 15 దాటితే తుక్కు, 50 దాటితే సంపద. నడుమనున్న 35 ఏళ్ళూ ఏ పాకలోనో, ఏ చింతచెట్టు కిందో గడిపి బతికి బయటపడ్డ బండే ఆ గౌరవానికి నోచుకుంటుంది.

ఆ గౌరవానికో షరతు ఉంది. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌నూ, బాడీనీ, ఇంజనునూ పెద్దగా మార్చి ఉండకూడదు. కృష్ణా డెల్టాలో మిగిలిన పాత బండ్లకు పీటముడి పడేది ఈ మూడో మాట దగ్గరే.

పెట్రోలు తీసి డీజిలు పెట్టి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న విల్లీస్ జీపులు దేశమంతటా పౌరుల చేతికి వచ్చాయి. 2,199 సీసీ, నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్. ‘గో డెవిల్’ అని ముద్దుపేరున్న ఆ పెట్రోలు ఇంజను పొలం గట్టునూ రోడ్డుగానే లెక్కగట్టేది. తర్వాత మహీంద్రా జీపులు, హిందుస్థాన్ అంబాసిడర్లు, ప్రీమియర్ ఫియట్లు వచ్చాయి. భూస్వాముల ఇళ్ళ ముందు, రైసుమిల్లుల ఆవరణల్లో, ఎన్నికల ఊరేగింపుల్లో అవే కనిపించేవి.

1973 చమురు సంక్షోభం పెట్రోలు ధరను పైకెత్తింది. డీజిలు చౌక. రెంటికీ ఉన్న తేడా చూసుకున్న యజమానులు కార్లనూ జీపులనూ షెడ్డుకు తోలుకొచ్చి, పెట్రోలు ఇంజను దింపించి డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. ఇంజను మౌంటింగులు కోసి కొత్తవి వెల్డింగు చేయడం, గేరుబాక్సు కలపడానికి మధ్యలో ప్లేటు తయారు చేయడం, బరువుకు తగ్గట్టు ముందు కమాన్లు గట్టిచేయడం వంటి పనుల్లో మన మెకానిక్కులకు తిరుగులేదు. ఆనాటి అవసరానికి అది తెలివైన పని. కుటుంబం గడిచింది, బండి ఇంకో ఇరవై ఏళ్ళు తిరిగింది. దింపిన పెట్రోలు ఇంజను మాత్రం మూలన పడి, వాన నీరు తాగి, రింగులు పట్టేసి, ఒక దీపావళి శుభ్రతలో పాతసామాన్ల వాడి బండెక్కింది.

ఫలితంగా ఇప్పుడు బాడీ ఉన్న బండ్లకు ఇంజను లేదు. యాభై ఏళ్ళ కారుకు మెరుగు పెట్టించి, సీట్లు కుట్టించి, క్రోమియం పూత వేయించి తీసుకెళ్ళిన యజమాని బానెట్ ఎత్తేసరికి కథ అడ్డం తిరుగుతుంది.

రాయిస్ చేసిన ఆరు సిలిండర్లు

అసలు ఇంజనుకు అంత విలువ ఎందుకో తెలియాలంటే, ఇంజను వల్లే పేరు తెచ్చుకున్న కారును చూడాలి. 1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో రోల్స్-రాయిస్ 40/50 అనే మోడల్‌ను జనం ముందు పెట్టింది. తర్వాత దానికి స్థిరపడిన పేరు సిల్వర్ ఘోస్ట్. ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోత పోశారు. సామర్థ్యం 7,036 సీసీ. కొన్నేళ్ళకే స్ట్రోకు పెంచి 7,428 సీసీ చేశారు. ఇంత పెద్ద ఇంజను మొదట్లో ఇచ్చింది 48 హార్స్‌పవర్! ఈనాటి చిన్న కారు అంతకంటే ఎక్కువ ఇస్తుంది. కానీ హెన్రీ రాయిస్ వెతికింది వేగం కోసం కాదు, నిశ్శబ్దం కోసం.

ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజనంటే నిర్మాతలకే భయం. పొడవాటి క్రాంక్‌షాఫ్టు తిరిగేటప్పుడు మెలిపడి అదిరేది, ఒక్కోసారి విరిగేది. రాయిస్ దాన్ని లావు చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టి, ప్రతి బేరింగుకూ ఒత్తిడితో ఆయిలు అందేలా చేశాడు. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టుకు గొలుసు వద్దని పళ్ళచక్రాలు పెట్టాడు. ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు ఇచ్చి, ఒక వరుస మాగ్నెటోతో, ఇంకో వరుస కాయిల్‌తో నడిచేలా చేశాడు. ఒకటి మొరాయించినా బండి ఆగదు.

మన మెకానిక్కులకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటుంది. ఈ ఇంజనులో ‘హెడ్డు దించడం’ అనే పనే లేదు. సిలిండరూ హెడ్డూ కలిపి ఒకే పోత. వాల్వు చూడాలంటే దాని నెత్తిన మరబిగించిన మూత విప్పాలి. పిస్టన్ చూడాలంటే మూడు సిలిండర్ల దిమ్మెను మొత్తంగా పైకి లేపాలి. ఆ కాలంలో హెడ్ గ్యాస్కెట్లు నమ్మదగ్గవి కావు గనుక రాయిస్ ఆ అతుకునే తీసేశాడు. రిపేరు కష్టమైంది, లీకు బాధ తప్పింది.

> 14,371 మైళ్ళు
> 1907లో వెండి రంగు వేసి, వెండి పూత తొడుగులతో తయారైన ఒక కారుకు ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెట్టారు. ఛాసిస్ నంబరు 60551, రిజిస్ట్రేషన్ ఏఎక్స్ 201. యంత్ర దోషంతో ఆగకుండా 14,371 మైళ్ళు నడిచి రికార్డు సృష్టించింది. కారు ఇప్పటికీ ఉంది. కంపెనీ చేతికి 1948లో తిరిగి వచ్చింది. జీవితకాలంలో 5 లక్షల మైళ్ళకు పైగా తిరిగిన ఆ బండినే తర్వాత మళ్ళీ పూర్తిగా బాగుచేశారు. 1926 దాకా ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కలిపి 7,874 సిల్వర్ ఘోస్టులు తయారయ్యాయి.

ఈ ఇంజను సత్తా మన దేశానికి 1908లోనే తెలిసింది. ‘పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్’ అన్న పేరుగల 40/50 కారు బొంబాయి నుంచి కనుమలెక్కి కొల్హాపూర్ దాకా సాగిన పోటీలో నెగ్గింది. గ్వాలియర్ మహారాజు దాన్ని కొన్నాడు. ఆ తర్వాత సంస్థానాధీశుల మధ్య రోల్స్-రాయిస్ కోసం పోటీయే మొదలైంది.

చౌమహల్లాలో పసుపుపచ్చ కారు

తెలుగు నేల మీద ఆ ఇంజనును కళ్ళారా చూడాలనుకునే వారికి హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అక్కడ అద్దాల వెనక నిలబడి ఉంది. బాడీ కట్టింది లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ. వెనక ఎత్తుగా సింహాసనం లాంటి ఆసనం ఉంది గనుక దీనికి థ్రోన్ కార్ అని పేరు. ఒంటి నిండా అసఫ్‌జాహీల పసుపు రంగు.

ఆర్డరిచ్చిన వాడు ఆ కారు ఎక్కలేదు. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూశాడు. ఊరేగింపులకూ ఉత్సవాలకూ దాన్ని వాడుకున్నది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే ఈ కారు తన జీవితం మొత్తంలో తిరిగింది కొన్ని వందల మైళ్ళే. విజయవాడ నుంచి బందరుకు రోజూ రెండు ట్రిప్పులు కొట్టే బస్సు వారం రోజుల్లో దాన్ని దాటేస్తుంది.

నిజాం గ్యారేజీల్లోని మిగతా కార్లలో చాలావాటికి ఆ అదృష్టం లేదు. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ మరణం తర్వాత వాటిలో ఎన్నో పట్టించుకునే వాళ్ళు లేక తుప్పు పట్టాయి. థ్రోన్ కారును మాత్రం బాగుచేయించారు. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పూనుకుని చౌమహల్లాను పునరుద్ధరించి, 2005లో ప్రజలకు తెరిచారు. ఆ కృషికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అక్కడి సందర్శకుల్లో ఎక్కువ మంది సింహాసనాన్ని చూసి ఫొటో దిగి వెళ్ళిపోతారు. బానెట్ కింద ఆరు సిలిండర్లు, పన్నెండు ప్లగ్గులు ఉన్నాయని వాళ్ళకు చెప్పే బొమ్మ ఒకటి పక్కన ఉంటే బాగుండును.

ఆ కారు మిగలడం అందరికీ సంతోషమే. కానీ అది మిగిలింది రాజుది కాబట్టి, పెద్దగా తిరగలేదు కాబట్టి. ఎండనకా వాననకా తిరిగి, బస్తాలనూ మనుషులనూ మోసి, ఈ డెల్టాకు కాళ్ళు తెచ్చిన ఇంజన్ల మాటేమిటి?

బొగ్గుతో నడిచిన బస్సులు

మోటారు రాకముందు డెల్టా ప్రయాణమంటే కాలువలే. కృష్ణ మీద 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లో పడవలు నడిచేవి. రైలు వచ్చింది, తర్వాత బస్సు వచ్చింది. విదేశాల నుంచి ఛాసిసూ ఇంజనూ దిగితే, చెక్కతో బాడీ ఇక్కడి వడ్రంగులే కట్టుకునేవారు. లారీ బాడీలు కట్టడంలో విజయవాడకున్న పేరుకు మూలాలు ఈ చెక్కపనిలోనే కనిపిస్తాయి.

ఆ బస్సులు చూసిన కష్టకాలం రెండో ప్రపంచ యుద్ధం. పెట్రోలుకు రేషను పెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బస్సుల వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ములు వెలిశాయి. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు.

డ్రమ్ము నిండా కట్టెబొగ్గు పోసి నిప్పు పెట్టేవారు. గాలి చాలీచాలకుండా అందితే బొగ్గు పూర్తిగా మండక, కార్బన్ మోనాక్సైడ్ ప్రధాన ఇంధనంగా ఉండే వాయువు పుడుతుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి, గొట్టం ద్వారా ఇంజనుకు పంపేవారు. ఇంజను అదే, తిండి మాత్రం వేరు. బలం బాగా తగ్గిపోయేది. ఎత్తు వచ్చిందంటే ప్రయాణికులు దిగి నెట్టాల్సిందే. బస్సు బయలుదేరే వేళకు చాలా ముందే క్లీనరు లేచి, డ్రమ్ము పక్కన ఉన్న చేతి చక్రాన్ని తిప్పుతూ నిప్పు రాజేయాలి. వాయువు సరిగ్గా పుట్టిందో లేదో చూడటానికి గొట్టం చివర అగ్గిపుల్ల గీసి మంట రంగు చూసేవారు. అది విషవాయువు గనుక మూసిన షెడ్డులో ఈ పని ప్రాణం మీదికి తెచ్చేది. తీరిగ్గా బయలుదేరి, మధ్య దారిలో ఆగి, బొగ్గు బస్తా విప్పి మళ్ళీ నింపుకుని, మసిబారిన ముఖాలతో దిగిన ప్రయాణాలవి.

ఇది మన ఒక్కరి కథే కాదు. యుద్ధకాలంలో జర్మనీలో సుమారు 5 లక్షల వాహనాలు ఇలాంటి వాయువుతోనే నడిచాయి. స్వీడన్‌లో 70 వేలకు పైనే. పెట్రోలు తిరిగి దొరకగానే అన్నిచోట్లా డ్రమ్ములు విప్పి పారేశారు. అయితే కొందరు ఆ రోజుల్ని తిరిగి తెచ్చుకున్నారు. జపాన్‌లోని కనగావా చువో కోత్సు బస్సు కంపెనీ 1981లో కట్టెలతో నడిచే బస్సును పునరుద్ధరించి రోడ్డెక్కించింది. ఒక బస్సు కంపెనీ తన చరిత్రను తానే బాగుచేసుకుంది. ఆ పని మన దగ్గర చేయలేనిదేమీ కాదు. డ్రమ్ము మన వెల్డర్లు రెండు రోజుల్లో చుట్టగలరు. కావలసిందల్లా ఆనాటి పెట్రోలు ఇంజను.

గ్లాస్గో నుంచి వచ్చిన ఆల్బియన్

పాత బస్సుల్లో బతికి బట్టకట్టిన వాటిలో మనకు దగ్గరిది ఆల్బియన్. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరం నుంచి వచ్చాయి. 1899లో పుట్టిన ఆల్బియన్ కంపెనీ మొదట కార్లు చేసి, తర్వాత వాటిని మానేసి లారీలకూ బస్సులకూ కట్టుబడింది. రేడియేటరు మీద ఉదయిస్తున్న సూర్యుడి గుర్తు ఉండేది. 1951లో లేలాండ్ ఆ కంపెనీని కలిపేసుకుంది. ఆటోనగర్‌లో దశాబ్దాల పాటు రాజ్యమేలిన అశోక్ లేలాండ్‌కు ఆ లెక్కన ఆల్బియన్ చుట్టమే.

ఆ నిజాం రోడ్డు రవాణా విభాగమే చేతులు మారి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా అవతరించింది. ఆ తర్వాతే డెల్టా రోడ్ల మీద ప్రైవేటు బస్సుల స్థానంలో ఎర్రబస్సు వచ్చింది. నిజాం కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ‘డెక్కన్ క్వీన్’ పేరుతో ఆర్టీసీ ఆస్తిగా మిగిలింది. దాన్ని బాగుచేసి నిలబెట్టినందుకు ఆర్టీసీ వర్క్‌షాపుల కార్మికులకు ఎంత చెప్పినా తక్కువే. తుక్కు చేస్తే అప్పట్లో నాలుగు డబ్బులు వచ్చేవి, ఈ రోజు చూపడానికి ఏదీ ఉండేది కాదు.

> నంబరులో ‘జడ్’
> విజయవాడ బస్టాండులో నిలబడి చూస్తే చాలా ఆర్టీసీ బస్సుల నంబరు పలకల మీద ‘జడ్’ అక్షరం కనిపిస్తుంది. ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమే ఇది అని తరతరాలుగా చెప్పుకుంటారు.

ఇక్కడే నిబంధనలోని పెద్ద లోటు బయటపడుతుంది. ‘వింటేజ్’ గుర్తింపు సొంతానికి వాడుకునే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకే. బస్సులకూ లారీలకూ అది వర్తించదు. డెల్టా ధాన్యాన్ని మోసిన లారీ, పెళ్ళివారిని మోసిన బస్సు ఎన్నేళ్ళు బతికినా చట్టం కంటికి తుక్కే. ఊరూరా రైసుమిల్లుల్లో టక్‌టక్‌మంటూ తిరిగిన రస్టన్ హార్న్స్‌బీ, లిస్టర్ ఆయిల్ ఇంజన్లకు చక్రాలే లేవు గనుక వాటి ఊసు ఏ నిబంధనలోనూ రాదు. స్కాట్లండులోని బిగ్గర్ అనే చిన్న ఊళ్ళో ఆల్బియన్ అభిమానులు ఒక ఫౌండేషన్ పెట్టుకుని కంపెనీ పాత కాగితాలను కాపాడుకుంటున్నారు. వేల మంది మెకానిక్కులున్న విజయవాడలో ఆటోనగర్ గేటు దగ్గర ఒక షెడ్డు కేటాయించి, పది పాత ఇంజన్లు స్టాండుల మీద నిలబెట్టడం అంత కష్టమా? ఒక్కోటి కోసి లోపల పిస్టన్ కదలిక కనిపించేలా పెడితే, పాలిటెక్నిక్ పిల్లలకు అదే పాఠం.

చేతిలో ఉన్న విద్య

ఇంజను మిగలడం ఒక ఎత్తు, దాన్ని మళ్ళీ పలికించడం ఇంకో ఎత్తు. ఏళ్ళ తరబడి తిరగని ఇంజనులో రింగులు సిలిండరు గోడకు పట్టేసి ఉంటాయి. తొందరపడి హ్యాండిల్ వేసి కొడితే రింగులు ముక్కలవుతాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో బోరులో నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. ఆ తర్వాత చేత్తో కొద్దికొద్దిగా కదపాలి.

అసలు పరీక్ష బేరింగుల దగ్గర వస్తుంది. ఇప్పటి ఇంజన్లకు బేరింగు షెల్స్ డబ్బాలో దొరుకుతాయి, పాతవి తీసి కొత్తవి వేస్తే సరి. తొలినాళ్ళ ఇంజన్లలో తగరం ఎక్కువగా ఉండే వైట్ మెటల్‌ను కరిగించి, నేరుగా బేరింగు గూటిలో పోసేవారు. చల్లారాక బోరు చేసి, క్రాంకుకు నీలం రంగు పూసి, దాన్ని గూటిలో తిప్పి, రంగు అంటిన చోటల్లా స్క్రేపరుతో పొరలు పొరలుగా చెక్కాలి. మళ్ళీ రంగు, మళ్ళీ చెక్కడం. రంగు అంతటా సమంగా అంటేదాకా ఇదే పని. దీనికి కొలతలు పుస్తకంలో దొరుకుతాయి, ఒడుపు మాత్రం గురువు పక్కన నిలబడితేనే వస్తుంది.

పాత డీజిల్ ఇంజన్లకు బోరు కొట్టి, లైనర్లు దింపి, క్రాంకు గ్రైండింగ్ చేసి పెరిగిన మేస్త్రీలకు ఈ భాష తెలుసు. వాళ్ళ తర్వాతి వాళ్ళు నేర్చుకునేది ల్యాప్‌టాప్ పెట్టి సెన్సరు లోపం చదవడం. అదీ అవసరమే, రేపటి తిండి అదే. కానీ వైట్ మెటల్ పోయగల చెయ్యి ఆగిపోతే, పాకల్లో మిగిలిన కాసిని ఇంజన్లనూ బాగుచేయడానికి పరాయి రాష్ట్రాల వైపు చూడాల్సి వస్తుంది. తుక్కు విధానం గురించి ఇన్ని సమావేశాలు జరుగుతున్న వేళ, ఆ విద్యను వీడియోలుగానైనా, ఐటీఐలో ఒక చిన్న కోర్సుగానైనా పట్టి ఉంచాలన్న ఆలోచన ఎవరో ఒకరు చేయాలి. ఆటోనగర్ సంఘాలు, ఇంజనీరింగ్ కాలేజీలు కలిస్తే ఒక్క విద్యా సంవత్సరంలో అయ్యే పని.

మీ పాకలో పాత బండి ఉందా?

తాతగారి కారు ఇంకా దొడ్లో ఉంటే, పాతసామాన్ల వాడిని పిలిచే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఆర్సీ పుస్తకంలోని ఇంజను నంబరూ, దిమ్మె మీద కొట్టిన నంబరూ కలుస్తున్నాయా? నంబరు ఉన్న చోట గ్రైండింగ్ రాయి గానీ, మందపాటి రంగు గానీ తగలనివ్వకూడదు. ఇంజను ఎప్పుడో మార్చి ఉంటే, దింపిన పాతది ఎక్కడికి పోయిందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి. ఆనాడు పని చేసిన షెడ్డు వాళ్ళకు గుర్తుండొచ్చు, అటక మీద కార్బొరేటరో, మాగ్నెటోనో, డిస్ట్రిబ్యూటరో మిగిలి ఉండొచ్చు. వాటిని పారేయొద్దు. ఒక్కోసారి ఆ చిన్న భాగం కోసమే ఒక ఇంజను ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఉంటుంది.

బండి అసలు రూపంలోనే ఉంటే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయొచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20 వేలు, తిరిగి చేయించుకోవడానికి రూ.5 వేలు. చెల్లుబాటు పదేళ్ళు. నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ, సాంకేతిక పరిశోధనకూ, ఇంధనం నింపించుకోవడానికీ, రిపేరుకూ రోడ్డెక్కొచ్చు.